బ్రోమో ఎక్కాలా, ఎదుటి కొండ మీంచి చూడాలా? అగ్నిపర్వత యాత్రలో ప్రమాదాన్ని లెక్కగట్టడం ఎలా

బాలి వెళ్ళే తెలుగువాళ్ళ ప్యాకేజీల్లో ఇప్పుడు తూర్పు జావా కూడా చేరుతోంది. అర్ధరాత్రి జీపెక్కి బ్రోమో అనే అగ్నిపర్వతం దగ్గర సూర్యోదయం, మరో రాత్రి నిద్ర మానుకుని ఇంకో అగ్నిపర్వతం ఇజెన్‌లో నీలి మంట. బుక్ చేసేముందు ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు: "అగ్నిపర్వతం కదా, సేఫేనా?" టూర్ వాళ్ళు చెప్పేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "రోజూ వందల మంది వెళ్తున్నారండీ, టెన్షన్ పడకండి."

వందల మంది వెళ్తున్న మాట నిజమే. 2014 సెప్టెంబరు 27న జపాన్‌లోని ఒంటాకే కొండ మీద కూడా అలాగే జనం ఉన్నారు. శనివారం, ఎండ బాగా కాసిన రోజు, ఆకులు ఎర్రబడే కాలం. ఉదయం 11 గంటల 52 నిమిషాలకు, పైకి చేరినవాళ్ళు భోజనాలకు కూర్చునే వేళ, శిఖరం పక్కనే కొండ పేలింది. 58 మంది చనిపోయారు. మరో ఐదుగురి జాడ దొరకలేదు. ఆ ఉదయం ఒంటాకేకు ఉన్న అధికారిక హెచ్చరిక లెవల్ 1, అంటే జపాన్ వాడే ఐదు లెవళ్ళలో అన్నిటికన్నా కిందిది. దాని పక్కన అప్పట్లో రాసి ఉండే మాట "సాధారణం".

అక్కడికి వెళ్ళినవాళ్ళు ఏ నియమమూ మీరలేదు. మూసేసిన దారిలోకి చొరబడలేదు. ఈ వ్యాసాన్ని ఒంటాకేతో మొదలుపెట్టడానికి కారణం అదే. అగ్నిపర్వతం చూడటానికి వెళ్ళొద్దని నేను చెప్పను. చూడగలిగితే తప్పకుండా చూడాల్సిన దృశ్యమది. కానీ "సేఫేనా" అన్న ప్రశ్నను విడగొట్టి అడగాలి. అది ఏ రకం కొండ? బిలానికి, అంటే కొండ నోటికి, ఎంత దూరంలో నిలబడతాం? అక్కడ ఎంతసేపు ఉంటాం? ఇవి తెలియకుండా లెవల్ నంబరు ఒక్కటే తెలుసుకుంటే పెద్దగా ఉపయోగం లేదు.

లావా లేని పేలుడు

అగ్నిపర్వతం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎర్రగా కాగే లావా. అయితే 2014 నుంచి పర్యాటకులను పెద్ద సంఖ్యలో బలిగొన్న ప్రమాదాలు చూస్తే, వాటిలో లావా దాదాపు కనబడదు. ఒంటాకేలోనూ, 2019లో న్యూజిలాండ్‌లోని వకారి దీవిలోనూ (దీన్నే వైట్ ఐలాండ్ అంటారు) జనాన్ని చంపింది ఆవిరి, దాంతోపాటు ఎగిరొచ్చిన రాళ్ళు, కాలే బూడిద.

అదెలా జరుగుతుందంటే, కొండ లోతుల్లో మాగ్మా, అంటే కరిగిన రాయి, ఉంటుంది. దానికి పైన రాళ్ళ సందుల్లో వాననీరు, కరిగిన మంచునీరు చేరి వేడెక్కుతుంటుంది. పైనున్న ఒత్తిడి వల్ల ఆ నీరు 100 డిగ్రీలు దాటిపోయినా మరగదు, నీరుగానే ఉంటుంది. వేడినీటిలో కరిగిన ఖనిజాలు పేరుకుని పగుళ్ళను పూడ్చేస్తే ఒత్తిడి మరింత పెరుగుతుంది. ఏదో ఒకచోట ఆ పూడిక తెగిందంటే నీరు ఒక్కసారిగా ఆవిరైపోతుంది. మామూలు వాతావరణ ఒత్తిడిలో నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ విస్తరణకు చుట్టూ ఉన్న రాయి ముక్కలై వందల మీటర్ల దూరానికి ఎగిరిపడుతుంది.

ఈ రకం పేలుడును ముందుగా పసిగట్టడం ఎందుకు కష్టమో కూడా ఇందులోనే ఉంది. మాగ్మా పైకి రావాలంటే రాళ్ళను చీల్చుకుంటూ రావాలి. అప్పుడు వరసగా చిన్న భూకంపాలు వస్తాయి, కొండ ఉబ్బుతుంది, బయటికొచ్చే వాయువుల పాళ్ళు మారతాయి. పరికరాలు పెట్టి గమనిస్తుంటే రోజుల ముందు, ఒక్కోసారి వారాల ముందు తెలుస్తుంది. ఆవిరి పేలుడుకు మాగ్మా కదలనక్కర్లేదు. ఒంటాకేలో రెండు వారాల ముందు చిన్న భూకంపాలు పెరిగి, మళ్ళీ తగ్గాయి. స్పష్టమైన సంకేతంగా కంపనం మొదలైంది పేలుడుకు దాదాపు 11 నిమిషాల ముందు. 3,067 మీటర్ల శిఖరం నుంచి ఆ వ్యవధిలో ఎవరు దిగగలరు?

కాబట్టి మన భయం, మన నమ్మకం రెండూ తరచూ తప్పుచోట ఉంటాయి. లావా కనిపిస్తే వెనక్కి తగ్గుతాం. ఆకుపచ్చటి సరస్సు, అంచున పసుపుపచ్చటి గంధకం, మెల్లగా లేచే ఆవిరి కనిపిస్తే ఫొటో కోసం ఇంకో నాలుగడుగులు ముందుకు వేస్తాం. హవాయిలోని కిలావేయా 2024 డిసెంబరు 23 నుంచి విడతలు విడతలుగా లావాను చిమ్ముతోంది. కొన్ని విడతల్లో ఆ ధార 300 మీటర్లు దాటింది. అయినా నేషనల్ పార్క్ వాళ్ళు నిర్ణయించిన చోట్ల నిలబడి జనం పిల్లాపాపలతో చూసి వస్తున్నారు. పేలుతున్న కిలావేయాను దూరంనుంచి చూడటం కన్నా, ఏమీ జరగని ఒంటాకే శిఖరం మీద కూర్చోవడమే ఎక్కువ ప్రమాదం అయింది.

లెవల్ నంబరుతో వచ్చే చిక్కు

కోస్తాలో పెరిగినవాళ్ళకు పోర్టుల్లో ఎగరేసే తుపాను హెచ్చరికలు తెలుసు. మూడో నంబరు దగ్గర్నుంచి పదో నంబరు దాకా పెరుగుతుంటే రాబోయేది ఎంత పెద్దదో అర్థమవుతుంది, ఎందుకంటే తుపాను సముద్రంలో కంటికి కనిపిస్తూ వస్తుంది. అగ్నిపర్వతం లెవల్‌ను కూడా మనం అలాగే చదువుకుంటాం. అక్కడే పొరపాటు. చాలా దేశాల్లో ఆ నంబరు కొండ ఇవాళ ఎలా ఉందో చెబుతుంది. రేపు ఏం చేస్తుందో చెప్పే బాధ్యత దానికి లేదు. న్యూజిలాండ్ పట్టికలో ఈ సంగతి రాసే ఉంటుంది: ఏ లెవల్‌లోనైనా విస్ఫోటనం జరగవచ్చు, లెవళ్ళు వరస తప్పి మారవచ్చు అని.

ఇంకో చిక్కు, ఒక దేశం నంబరు ఇంకో దేశంలో అదే అర్థం ఇవ్వదు. న్యూజిలాండ్‌లో 0 నుంచి 5 వరకూ ఉంటాయి. 3 నుంచి విస్ఫోటనం జరుగుతున్నట్టు లెక్క. అంటే పేలకుండా ఉన్న కొండకు ఇవ్వగలిగిన పై లెవల్ 2. వకారికి 2019 నవంబరు 18న ఆ లెవల్ ఇచ్చారు. "ఐదులో రెండే కదా" అనుకున్నవాళ్ళకు ఆ రెండు ఎంత పెద్దదో తెలిసే అవకాశమే లేదు. డిసెంబరు 9 మధ్యాహ్నం 2 గంటల 11 నిమిషాలకు దీవి పేలినప్పుడు అక్కడ 47 మంది ఉన్నారు. 22 మంది చనిపోయారు. బతికినవాళ్ళలో చాలామంది ఒళ్ళు తీవ్రంగా కాలిపోయింది. ఆ 47 మందిలో ఎక్కువమంది పెద్ద క్రూయిజ్ ఓడలో వచ్చి, ఆ రోజు విహారంలో భాగంగా దీవిలో దిగినవాళ్ళు. తాము అడుగుపెడుతున్నది బిలం లోపలికి అన్న సంగతి వాళ్ళకు ఎవరైనా స్పష్టంగా చెప్పి ఉండాల్సింది.

ఇండోనేషియాలో నాలుగు లెవళ్ళే: నార్మల్, వాస్పద, సియాగ, అవాస్. ఇక్కడ నంబరుకన్నా ముఖ్యమైనది దాని కింద రాసే సిఫారసు. బిలం నుంచి ఇన్ని కిలోమీటర్ల లోపలికి ఎవరూ వెళ్ళకూడదని అందులో ఉంటుంది. ఆ దేశపు అగ్నిపర్వత శాఖ దీన్ని మాగ్మా ఇండోనేషియా అనే వెబ్‌సైట్‌లో, యాప్‌లో పెడుతుంది. ఫోన్‌లో అనువాదం చేసుకుని చదివితే రెండు నిమిషాల పని. నా లెక్కలో మొత్తం ట్రిప్ ప్లానింగ్‌లో అంత విలువైన రెండు నిమిషాలు ఇంకెక్కడా ఉండవు.

పర్మిట్ ఉందంటే సరిపోదా?

పశ్చిమ సుమత్రాలో మరాపి అనే కొండ ఉంది. (జావాలో యోగ్యకర్త దగ్గరున్న మెరాపి వేరు. బుకింగ్‌లోనూ, వార్తల్లోనూ ఈ రెంటినీ కలిపేసుకునేవాళ్ళు చాలామంది.) 2011 నుంచి 2023 దాకా మరాపి లెవల్ 2లో ఉండేది. బిలానికి 3 కిలోమీటర్ల లోపలికి వెళ్ళొద్దని సిఫారసు కూడా ఉండేది. అయినా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే ఎక్కడానికి పర్మిట్ ఇచ్చేవారు. 2023 డిసెంబరు 3న, ఆదివారం, అది పేలింది. పర్మిట్ తీసుకుని కొండ మీద ఉన్నవాళ్ళు 75 మంది. 24 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ళలో కాలేజీ పిల్లలు చాలామంది.

జరిగినదేమిటో చూడండి. కొండను గమనించి హెచ్చరిక ఇచ్చే శాఖ ఇంధన, ఖనిజ మంత్రిత్వ శాఖ కిందిది. పర్మిట్ ఇచ్చేది అటవీ సంరక్షణ విభాగం. ఒకరు 3 కిలోమీటర్లు వద్దన్నారు, ఇంకొకరు టికెట్టు ఇచ్చారు. మధ్యలో ఉన్న యాత్రికుడికి చేతిలో ఉన్న టికెట్టే ప్రభుత్వం మాట. ఇది ఇండోనేషియా ఒక్కదాని లోపం అని నేననుకోను. పర్యాటకం మీద ఆదాయం వచ్చే ప్రతిచోటా ఈ సందు ఏర్పడుతుంది. గేటు తెరిచి ఉండటం, టికెట్టు ఇవ్వడం, గైడు వెంట రావడం, వీటిలో ఏదీ శాస్త్రవేత్తలు గీసిన గీతకు ప్రత్యామ్నాయం కాదు. మరాపి మీద ఆ గీతను గౌరవించి ఉంటే శిఖరం మీద ఒక్కరూ ఉండేవారు కాదు.

బ్రోమో విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. చాలామంది ఇసుక మైదానం దాటి, మెట్లెక్కి, బిలం అంచున నిలబడి లోపలికి తొంగిచూస్తారు. 2004 జూన్‌లో ఉన్నట్టుండి పేలినప్పుడు ఆ దగ్గర్లో ఉన్న ఇద్దరు చనిపోయారు. బ్రోమో లెవల్ 2లో ఉన్న కాలంలో బిలానికి కిలోమీటరు లోపలికి వెళ్ళొద్దని సిఫారసు ఉంటుంది. బిలం అంచు ఆ కిలోమీటరులోనే ఉందని వేరే చెప్పక్కర్లేదు. వెళ్ళేముందు ఆ రోజు సిఫారసు చూడండి. కిలోమీటరు గీత ఉంటే మెట్ల దగ్గరికి పోకండి. అందరూ ఫొటోల్లో చూసే ఆ దృశ్యం, మైదానం నిండా పొగమంచు, మధ్యలో పొగలు కక్కే బ్రోమో, వెనక సెమేరు అనే ఇంకో అగ్నిపర్వతం, అది అసలు కనిపించేదే ఎదురుగా ఉన్న పెనంజకన్ కొండ మీంచి. మెట్లెక్కితే ఆ దృశ్యం కనిపించదు కూడా.

ఎదుటి కొండ మీంచి చూడటం అగ్నిపర్వత యాత్రలో అన్నిటికన్నా తెలివైన పద్ధతి అని నా నమ్మకం. గ్వాటెమాలాలో ఫ్యూగో రోజంతా నిప్పులు చిమ్ముతూ ఉంటుంది; దాన్ని పక్కనే ఉన్న అకతెనాంగో మీద గుడారం వేసుకుని చూస్తారు. అక్కడి నుంచి మరీ ఆశపడి ఫ్యూగో వైపు గట్టు మీదికి దిగితే మాత్రం ఆ దూరం ఇచ్చిన రక్షణ పోయినట్టే. అకతెనాంగో దాదాపు 4,000 మీటర్ల ఎత్తు కాబట్టి దానికీ దాని ప్రమాదం ఉంది. 2017 జనవరిలో అక్కడ ఆరుగురు చలికి చనిపోయారు. ఉష్ణమండలంలో ఉన్నాం కదా అని పల్చటి చొక్కాతో ఎక్కేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఎంతసేపు?

దూరం గురించి అందరూ ఆలోచిస్తారు, సమయం గురించి దాదాపు ఎవరూ ఆలోచించరు. బిలం అంచున పది నిమిషాలు నిలబడినవాడికీ, అక్కడే టీ పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నవాడికీ ప్రమాదం పన్నెండు రెట్లు తేడా. ముందుగా చెప్పకుండా పేలే కొండ విషయంలో లెక్క అంతే సూటిగా ఉంటుంది. అగ్నిపర్వత శాస్త్రవేత్తలు బిలం దగ్గర నమూనాలు తీసుకోవాల్సి వస్తే పని ముగించి త్వరగా బయటపడతారు. అలాంటివాళ్ళకు కూడా మినహాయింపు లేదు. 1993 జనవరిలో కొలంబియాలోని గలేరాస్ బిలంలోకి సదస్సుకు వచ్చిన శాస్త్రవేత్తలు దిగారు. పేలుడులో ఆరుగురు శాస్త్రవేత్తలు, ముగ్గురు సందర్శకులు చనిపోయారు. జీవితమంతా అగ్నిపర్వతాలను దగ్గరగా చిత్రీకరించిన మోరీస్, కాత్యా క్రాఫ్ట్ దంపతులు 1991 జూన్ 3న జపాన్‌లోని ఉన్‌జెన్ వద్ద వేడి బూడిద ప్రవాహంలో పోయారు. ఆ ప్రవాహం వందల డిగ్రీల వేడితో, కారు కన్నా వేగంగా కిందికి దూకుతుంది. దానికి దారిలో ఉండకపోవడం తప్ప వేరే ఉపాయం లేదు.

అందుకని శిఖరం చేరాక చూడండి, ఒక ఫొటో తీసుకోండి, దిగండి. తినడం, విశ్రాంతి, వీడియో కాల్స్ కిందికొచ్చాక.

ఊపిరి సంగతి

ఇజెన్‌లో నీలి మంట లావా కాదు, భూమిలోంచి వచ్చే గంధకపు వాయువు గాలి తగిలి మండటం. చీకట్లోనే కనిపిస్తుంది కాబట్టి అర్ధరాత్రి దాటాక నడక మొదలుపెట్టి, బిలం లోపలికి, గనికార్మికులు గంధకం మోసుకొచ్చే రాళ్ళదారిలో దిగాలి. గాలి మన వైపు తిరిగితే పొగ నిమిషంలో కమ్మేస్తుంది. అందులో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ కళ్ళనూ గొంతునూ మండిస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకు తక్కువ మోతాదులోనే ఊపిరాడకుండా చేస్తుంది. జపాన్‌లోని అసో బిలం దగ్గర 1997లో ఇద్దరు పర్యాటకులు ఈ వాయువు వల్ల చనిపోయారు. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్ళను అక్కడ బిలం దగ్గరికి రావద్దంటారు, వాయువు పెరిగితే అందరినీ ఖాళీ చేయిస్తారు. అమ్మానాన్నలతో వెళ్తుంటే, లేదా పిల్లలకు వీజింగ్ ఉంటే, ఇజెన్ బిలంలోకి దిగే కార్యక్రమం మానేయండి. అంచు నుంచి తెల్లవారాక కనిపించే సరస్సు చాలు.

మాస్కు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కోవిడ్ నాటి ఎన్95 బూడిద రేణువులను ఆపుతుంది, వాయువును ఆపదు. వాయువుకు యాసిడ్ గ్యాస్ ఫిల్టర్ డబ్బాలు బిగించిన రెస్పిరేటర్ కావాలి. అది కూడా ముఖానికి గాలి చొరకుండా అతుక్కోవాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. అద్దెకిచ్చే మాస్కుల్లో ఫిల్టరు ఎప్పుడు మార్చారో అడగండి. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్ళద్దాలు పెట్టుకోండి.

కార్బన్ డయాక్సైడ్ ఇంకా మోసకారి. వాసన ఉండదు, గాలికన్నా బరువు కాబట్టి గుంటల్లో, లోయల్లో నిలబడుతుంది. 1979లో జావాలోని డియెంగ్ పీఠభూమిలో 140 మందికి పైగా గ్రామస్థులు దీని వల్లే చనిపోయారు. పేలుడు నుంచి పారిపోతున్నవాళ్ళు నడిచిన దారి పొడుగునా వాయువు పరుచుకుని ఉంది. గాలి లేని రోజు పల్లపు చోట కూర్చోకండి. నేల కూడా నమ్మదగింది కాకపోవచ్చు. 2017 సెప్టెంబరులో ఇటలీలోని సోల్ఫతారా అనే బిలంలో కంచె దాటిన బాలుడు, అతణ్ణి కాపాడబోయిన తల్లిదండ్రులు, ముగ్గురూ వేడి గుంటలో పడి చనిపోయారు.

పేలితే ఏం చేయాలి

న్యూజిలాండ్ సంరక్షణ శాఖ టోంగరిరో అగ్నిపర్వతం దారిలో నడిచేవాళ్ళకు ఇచ్చే సలహా స్పష్టంగా ఉంటుంది, ఎక్కడికైనా పనికొస్తుంది. ఆగి పైకి చూడాలి. ఎగిరొచ్చే రాళ్ళకు వీపు తిప్పి పరుగెత్తితే ఏది మీద పడుతుందో తెలియదు. బండ వెనకో, గట్టు చాటునో చేరి, బ్యాగును తల మీద పెట్టుకోవాలి. రాళ్ళు ఆగాక గట్ల మీదుగా దూరం జరగాలి, లోయల్లోకి దిగకూడదు, ఎందుకంటే వేడి ప్రవాహమైనా బురదైనా వచ్చేది లోయలోనే. ఒంటాకేలో పొగను ఫొటోలు తీస్తూ నిలబడిపోయినవాళ్ళున్నారు. వెంటనే కొండ మీది గుడిసెల్లోకి దూరినవాళ్ళలో చాలామంది బతికారు. ఆ తర్వాత శిఖరం దగ్గర కాంక్రీటు షెల్టర్లు కట్టారు. ఏ కొండకు వెళ్ళినా షెల్టరు ఎక్కడుందో ఎక్కేటప్పుడే చూసుకోండి, హెల్మెట్ ఇస్తే తలకు పెట్టుకోండి.

మంచు, లావా కలిసే చోట కూడా ఇదే ఆవిరి పేలుడు పుడుతుంది. 2017 మార్చిలో ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతం మీద లావా మంచును తాకి పేలి, బీబీసీ బృందంతో సహా పదిమంది దాకా గాయపడ్డారు. ఐస్‌లాండ్‌లో 2023 చివరి నుంచి గ్రిండవిక్ దగ్గర పదే పదే భూమి చీలి లావా వస్తోంది. కొన్నిసార్లు గంట వ్యవధి కూడా లేకుండా. అక్కడి బ్లూ లాగూన్‌లో స్నానం చేస్తుండగా సైరన్ మోగితే సామాన్లు వదిలేసి కదలాలి.

పేలుడు అయిపోయాక వర్షం మొదలైతే బూడిద కొట్టుకొచ్చి బురద వరదవుతుంది. మరాపి కింద 2024 మేలో అలా 60 మందికి పైగా చనిపోయారు. వానాకాలంలో అగ్నిపర్వతం వాగుల పక్కన బస తీసుకోకపోవడం మంచిది.

బూడిద, విమానం, బీమా

బూడిదంటే కాలిన కట్టె పొడి కాదు, రాయి, గాజు రేణువులు. జెట్ ఇంజిన్‌లో కరిగి అతుక్కుంటుంది. 1982లో జావా మీదుగా పోతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. కిందికి జారుతూ బూడిద దాటాక మళ్ళీ అంటుకోబట్టి జకార్తాలో దిగగలిగింది. అందుకే ఇప్పుడు దూరపు కొండ పేలినా విమానాలు ఆపేస్తారు. 2024 నవంబరులో ఫ్లోరెస్ దీవిలోని లెవోతోబి పేలితే బాలి విమానాలు పెద్దసంఖ్యలో రద్దయ్యాయి. 2025 నవంబరు 23న ఇథియోపియాలో హాయ్లీ గుబ్బి పేలితే బూడిద ఎర్ర సముద్రం దాటి ఉత్తర భారతం దాకా వచ్చి మన విమానాలను కూడా ఆపింది. తిరుగు ప్రయాణానికీ ఆఫీసులో చేరాల్సిన రోజుకూ మధ్య ఒకటి రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌ను ముందే తీసుకోండి. కొండ పేలడం మొదలయ్యాక కొన్న పాలసీలో ఆ పేలుడు వల్ల వచ్చే నష్టాన్ని సాధారణంగా ఇవ్వరు. అగ్నిపర్వతం ఎక్కడం మినహాయింపుల్లో ఉందేమో చదవండి.

టూర్ వాళ్ళతో మాట్లాడేటప్పుడు "సేఫేనా" బదులు ఇవి అడగండి: ఈ వారం లెవల్ ఎంత, ఎప్పటి నుంచి? సిఫారసు చేసిన దూరం ఎంత, మనం వెళ్ళే చోటు దాని లోపలా బయటా? బిలం దగ్గర ఎంతసేపు? హెల్మెట్, గ్యాస్ మాస్కు మీరిస్తారా? ఆ ఉదయం పరిస్థితి మారితే రద్దు చేసే నిర్ణయం ఎవరిది, డబ్బు వెనక్కి వస్తుందా? ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యం. డబ్బు పోతుందన్న బాధతోనే చాలామంది వద్దనుకుంటూ కూడా ఎక్కుతారు. రిఫండ్ ఇవ్వని టూరుకు ముందే డబ్బు కట్టకపోతే, ఆ ఉదయం మనసుకు నచ్చని కొండను వదిలేయడం తేలికవుతుంది.